ఎడమచేతి ప్రాక్టీసు

మొన్న మా ఎదురు ఫ్లాట్ వాళ్ళు సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. రాజమండ్రిలో అపార్ట్‌మెంట్లు వచ్చాక పిలుపులన్నీ లిఫ్టులోనే అయిపోతున్నాయి గానీ ప్రసాదం మాత్రం ఇంకా చేతికే అందుతోంది, అంతవరకు నయం. జనం ఎక్కువై ఆ ఇంటావిడ ఒక్కతీ సతమతమవుతుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. ఆ వేసిన చెయ్యి ఎడమది అయింది. కుడిచేత్తో పళ్ళెం పట్టుకుని ఎడమచేత్తో దొన్నెలు అందిస్తున్నానని నాకు తెలియనే తెలియదు. సోఫాలో కూర్చున్న ఒక పెద్దావిడ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని నా మొహంలోకి చూసి, "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అంది. నలభై దాటి చాలా దూరం వచ్చిన నన్ను అమ్మాయి అన్నందుకు సంతోషించే సందర్భం కాదది. ఎవరి పెంపకం అని ఆవిడ అడగదలచుకున్నది. పళ్ళెం చెయ్యి మార్చి, దణ్ణం పెట్టి, ప్రసాదం ఇచ్చి బయటపడ్డాను. ఇంటికి వచ్చి తలుపేసుకుని చాలాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వు దానంతటదే ఆగిపోయింది. ఎందుకంటే అది మా మేనత్త పెంపకం, ఆ పెంపకానికి ఆవిడ ఇచ్చుకున్న మూల్యం నాకు తెలుసు.

మా మేనత్త కాకినాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు. పరుగులు, దూకడాలు, విసరడాలు అన్నిటికీ ఆవిడే కోచ్. "హెడ్డూ నేనే, కాళ్ళూ నేనే" అనేది, కింద ఇంకెవరూ లేరు గనుక. మాది కోనసీమలో పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. పురోహితుడి కూతురు పరుగు పందేలకు వెళ్తోందని ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలు అంటే, మా తాతయ్య, "పరిగెడితే పరిగెట్టింది, దొంగతనం చేసి పరిగెట్టలేదు కదా" అని పంచాంగంలో తల దూర్చేసుకున్నాడట. అలా పరిగెత్తీ పరిగెత్తీ ఆవిడ ఆ ఉద్యోగం దాకా వచ్చింది. పెళ్ళి మాత్రం ఆవిడని అందుకోలేకపోయింది. తాతయ్య పెద్దవాడయ్యాక ఆవిడ దగ్గరే ఉండేవాడు. ఇంటర్ అయ్యాక నన్నూ ఆవిడ ఇంట్లోనే పెట్టి, ఆవిడ కాలేజీలోనే చేర్పించారు. ఇంట్లో తిట్టేది అత్త, గ్రౌండులో తిట్టేది మేడమ్, మనిషి మాత్రం ఒక్కరే.

నేత చీర, కాన్వాసు బూట్లు, మెడలో విజిలు, ఎండయినా వానయినా చేతిలో నల్ల గొడుగు. ఆవిడ ఆ వేషంలో గేటు దాటి వస్తుంటే చెట్టు కింద కబుర్లాడుకునే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే లేచి కాళ్ళు సాగదీసుకోవడం మొదలుపెట్టేవారు. ట్రాక్ మీద గీతలు వేయడానికి కాలేజీ సున్నం కొనిపెట్టేది కాదు. అత్త ఇంటి నుంచి ముగ్గుపిండి తెచ్చేది. ధనుర్మాసం ముగ్గుల్లో ఆరితేరిన చేతులు కదా మావి, తాడు కూడా పట్టకుండా ట్రాక్ చుట్టూ గీతలు లాగేసేవాళ్ళం. ఒకసారి ఎవరో మలుపు దగ్గర అలవాటు కొద్దీ చిన్న పద్మం కూడా వేసేసి, పరిగెత్తేవాళ్ళందరూ దాన్ని తొక్కకుండా గెంతి వెళ్తుంటే మేడమ్ తల ప్రాణం తోకకొచ్చింది. వానాకాలం గ్రౌండు చెరువైపోతే మమ్మల్ని బస్సెక్కించి ఉప్పాడ తీసుకెళ్ళి తడి ఇసుకలో పరిగెత్తించేది. మా జట్టులోకి ఉప్పాడ పిల్ల అలాగే వచ్చింది. చేపల వేటకు వెళ్ళే వాళ్ళింటి పిల్ల. సముద్రం వాళ్ళ ఇంటి గోడని రెండుసార్లు తీసుకుపోయిందట, ప్రతిసారీ ఇంకాస్త వెనక్కి జరిగి ఇల్లు కట్టుకున్నారు. మేం బూట్లతో పరిగెడుతుంటే, పక్కన ఉత్తికాళ్ళతో నవ్వుతూ పరిగెత్తి మమ్మల్ని దాటేసింది. అత్త ఆ మర్నాడే వాళ్ళమ్మతో మాట్లాడి కాలేజీలో చేర్పించింది.

ఇక రిలే సంగతి. నలుగురు పరిగెత్తాలి, ఒకరి చేతిలోని కర్ర ఇంకొకరికి అందించాలి. మొదటి పిల్ల కుడిచేత్తో పట్టుకుని వచ్చి రెండో పిల్ల ఎడమచేతికి ఇవ్వాలి. ఆ పిల్ల ఎడమచేత్తోనే తీసుకొచ్చి మూడో పిల్ల కుడిచేతికి ఇవ్వాలి. ఆ పిల్ల మళ్ళీ నాలుగో పిల్ల ఎడమచేతికి. అలా అయితే ఎవరూ దారిలో చెయ్యి మార్చుకోనక్కర్లేదు, చెయ్యి మార్చుకుంటే ఆ క్షణం పోయినట్టే. పుస్తకంలో ఇది చాలా తేలిక. కానీ మా పిల్లలకి పుట్టినప్పటినుంచీ ఎడమచేత్తో ఇవ్వకూడదు, ఎడమచేత్తో పుచ్చుకోకూడదు. ఇస్తే చేతి మీద ఒకటి పడుతుంది. పరుగులో ఒళ్ళు తెలియని క్షణంలో ఆ పడిన దెబ్బే పైకొచ్చేది. ఏటా ఎవరో ఒకరు సరిగ్గా అందించే చోట కర్రని ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చేసి, ఎంతో మర్యాదగా అందించేవారు. మర్యాదకి కప్పులు ఇవ్వరు కదా, మాకు ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడాది అత్త కొత్త పద్ధతి పెట్టింది. రిలే పిల్లలు నలుగురూ మీటు, అంటే కాలేజీల మధ్య పోటీలు, అయ్యేదాకా ఇచ్చేవన్నీ ఎడమచేత్తోనే ఇవ్వాలి. పుస్తకం, టీ గ్లాసు, బస్సు టికెట్టు డబ్బులు, అన్నీ. మొదట పరిగెత్తే కడియం పిల్ల వాళ్ళ నాన్న నర్సరీ నుంచి కాలేజీకి గులాబీ మొక్కలు పంపిస్తే, ఆ పిల్ల వాటిని ప్రిన్సిపాల్ గారికి ఎడమచేత్తోనే సమర్పించుకుంది. కండక్టర్లు మమ్మల్ని చూసి పళ్ళు కొరికేవారు. ఉప్పాడ పిల్లకి మాత్రం ఈ బాధే లేదు. "వల లాగేటప్పుడు కుడేదో ఎడమేదో ఎవరు చూత్తారండీ?" అనేది. ఇంట్లో నేను తాతయ్యకి మంచినీళ్ళు ఎడమచేత్తో ఇస్తే, ఆయన గ్లాసు వంకా నా వంకా చూసి, "ఇవి తాగే నీళ్ళా, పరిగెత్తే నీళ్ళా?" అని అడిగేవాడు. పరిగెత్తే నీళ్ళేనంటే, "అయితే ఆ బల్ల మీద పెట్టు, అక్కణ్ణుంచి నేను తీసుకుంటాను" అనేవాడు. ఆయన ఆచారానికీ లోటు రాలేదు, మా ప్రాక్టీసుకీ లోటు రాలేదు. అందరూ తాతయ్యలు కారు కదా.

రెండో పరుగు అమలాపురం పిల్లది. నోట్లో నాలుక లేని పిల్ల, వాళ్ళ నాన్న హైస్కూలు మాస్టారు. అందించే చోట అందరికంటే ఎక్కువ తడబడేది ఆ పిల్లే. అందుకే అందరికంటే ఎక్కువ నిష్ఠగా సాధన చేసింది. కొన్ని నెలలకి ఆ పిల్ల ఎడమచెయ్యి ఎలా తయారైందంటే, అడగక ముందే ముందుకొచ్చేది. మా అత్త పొంగిపోయింది. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ పొంగు మీద పడిన నీళ్ళే.

అత్త ఉద్యోగం అప్పటికి ఎన్నో ఏళ్ళుగా టెంపరరీ. ప్రతి జూన్‌లో, ఈ ఒక్క ఏడాదికి అని ఒక ఆర్డరు ఇచ్చేవారు. తన తర్వాత చేరినవాళ్ళు పర్మనెంటు అయి, ఇళ్ళు కట్టుకుని, పదోన్నతులు కూడా పొందారు. ఆటలు చదువు కాదు కాబట్టి ఆవిడ సంగతి ఎప్పుడూ వచ్చే ఏడాదికే వాయిదా. ఆ ఏడాది ఎలాగో ఆవిడ ఫైలు కదిలి కాలేజీ కమిటీ ముందుకు వచ్చింది. సాయంత్రం అత్త గుమ్మంలో బూట్లు విప్పుతుంటే తాతయ్య లోపలి నుంచి, "అయిందా?" అని అడిగేవాడు. "ఇంకా లేదు నాన్నా" అనేది ఆవిడ. తాను పోయాక కూతురికి ఒక ఆధారం ఉండాలని ఆయన తాపత్రయం. పైకి అనేవాడు కాదు, ఆ ఒక్క ముక్క అడిగి ఊరుకునేవాడు.

అలాంటి సమయంలో కాలేజీలో సరస్వతీ పూజ వచ్చింది. కాలేజీ నడిపించే కరస్పాండెంట్ గారు పట్టుపంచె కట్టుకుని, కమిటీ పెద్దలందరితో ముందు వరసలో కూర్చున్నారు. నెమ్మదైన పిల్ల కదా అని ప్రసాదం పంచే పని అమలాపురం పిల్లకి అప్పజెప్పారు. ఆ పిల్ల నేరుగా కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్ళి, వినయంగా తల వంచి, చక్రపొంగలి ఎడమచేత్తో అందించింది. ఆయన చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. ఆ పిల్ల సంగతి అర్థమై చెయ్యి వెనక్కి లాక్కుంది, దొన్నె ఆయన పట్టుపంచె మీద పడింది. వెనక వరసలో నా పక్కన నిలబడ్డ అత్త నా భుజం పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

మర్నాడు పిల్ల తండ్రిని పిలిపించారు. ఆయన పరువు గల మనిషి, సిగ్గుతో చితికిపోయాడు. ఆఫీసు గదిలో కమిటీ వాళ్ళందరూ కూర్చున్నారు. మళ్ళీ ప్రసాదం తెప్పించి, ఆ పిల్ల చేత ఒక్కొక్కరికీ కుడిచేత్తో ఇప్పించి, ఒక్కొక్కరి కాళ్ళకీ దణ్ణం పెట్టించారు. ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకోమన్నాడు తండ్రి. కిటికీలోంచి మేం చూస్తూనే ఉన్నాం. ఆ పిల్ల కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుందామంటే ఒక చేతిలో పొంగలి, రెండో చెయ్యి వీపు వెనక. లోపల గోడ పక్కన మా అత్త నిలబడి ఉంది. నేర్పింది నేనండీ, పిల్ల తప్పు కాదండీ అని ఆవిడ అంటుందని ఎదురు చూశాను. ఆవిడ నోరు విప్పలేదు. ఫైలు ఆ బల్ల మీదే ఉంది. అత్తని ఎప్పుడూ అలా చూడలేదు నేను, నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, జాలీ వేసింది.

అందరూ వెళ్ళాక కరస్పాండెంట్ గారు ఆవిడని ఆపారు. ఆయన చెడ్డవాడు కాదు, అదే చిక్కు. "చూడండమ్మా, ఆటల కోసం ఆచారం వదిలేస్తామంటే తల్లిదండ్రులు ఊరుకోరు. గ్రౌండు బయట ఈ ఎడమచేతి వ్యవహారం ఆపేయండి. ఈసారి మీటులో రిలే కప్పు తెండి, మీ ఫైలు నేను దగ్గరుండి నడిపిస్తాను. తేకపోతే మాత్రం కమిటీ వాళ్ళని ఆపడం నా వల్ల కాదు" అన్నారు. అత్త, "అలాగేనండీ" అంది. మీటు వారంలోకి వచ్చింది. ఎడమచేతి ప్రాక్టీసు గ్రౌండుకే పరిమితమైంది.

అమలాపురం పిల్ల చెయ్యి మాత్రం ఆ రోజు నుంచీ వేరే చెయ్యి అయిపోయింది. కర్ర అందించే చోటికి రాగానే ఆ ఎడమచెయ్యి ముడుచుకుపోయేది. ఒకసారి బాగా వచ్చేది, మరోసారి తడబడేది. ఇంకో పిల్ల సిద్ధంగా ఉంది, పరుగులో కాస్త నెమ్మది గానీ చెయ్యి తడబడదు. మార్చేయమని కడియం పిల్ల చెప్పింది, నేనూ ఇంట్లో మెల్లిగా చెప్పాను. అత్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "దాన్ని ఇప్పుడు తీసేస్తే, వాళ్ళందరి కాళ్ళకీ దణ్ణం పెట్టడం న్యాయమేనని నేనూ ఒప్పుకున్నట్టే కదే" అంది.

మీటు రాజమండ్రిలో. కడియం దగ్గర ఆ పిల్ల నాన్న రోడ్డు పక్కన నిలబడి బుట్టెడు చామంతి దండలు ఇచ్చాడు. "పూలు పరుగయ్యాక" అంది అత్త, బుట్ట తన ఒళ్ళో పెట్టుకుని దారంతా వాటి మీద చెయ్యి వేసుకునే కూర్చుంది. ఫైనల్ మధ్యాహ్నం. ముగింపు గీత పక్కన షామియానాలో కరస్పాండెంట్ గారు కూడా ఉన్నారు. నాది మూడో పరుగు, ట్రాక్‌కి అవతలి కొసన మలుపు మొదట్లో నిలబడ్డాను. అక్కణ్ణుంచి అత్త గొడుగు మాత్రమే కనిపిస్తోంది.

పరుగు మొదలుపెట్టే పిస్తోలు పేలింది. కడియం పిల్ల బాణంలా వచ్చింది, అమలాపురం పిల్ల ఎడమచేతిలో కర్ర శుభ్రంగా పడింది. మేం ముందున్నాం. ఆ పిల్ల అంత వేగంగా పరిగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను పెట్టుకున్న గుర్తు దగ్గరికి ఆ పిల్ల రాగానే నేను ముందుకు తిరిగి పరుగు అందుకున్నాను. వెనక్కి చూడకూడదు, అది మేడమ్ మొదటి ఆజ్ఞ. "చెయ్యి" అని వెనక నుంచి కేక. కుడిచెయ్యి వెనక్కి చాచాను. ఏమీ రాలేదు.

పరిగెడుతూ వెనక్కి చాచిన ఖాళీ చెయ్యి ఎంత భయంగా ఉంటుందో ఎలా చెప్పను? వేళ్ళ మధ్యలోంచి గాలి పోతోంది. ఆ పిల్ల ఊపిరి వినిపిస్తోంది, అడుగులు వినిపిస్తున్నాయి, కర్ర మాత్రం లేదు. నాకు చూడకుండానే తెలిసిపోయింది, ఆ పిల్ల చెయ్యి మారుస్తోంది. ఎదురుగా హద్దు గీత కనిపిస్తోంది, మేం వేసిన ముగ్గు కాదు, తెల్లటి సున్నం. అది దాటాక అందుకుంటే జట్టు మొత్తం అవుట్. అటూ ఇటూ మిగతా జట్ల పిల్లలు నన్ను దాటిపోతున్నారు. వేగం తగ్గించాను. గీతకి అడుగు దూరంలో, కర్ర నా మణికట్టుకి తగిలింది. తన ఒంటికి అడ్డంగా కుడిచెయ్యి చాపి ఇచ్చింది ఆ పిల్ల. వేళ్ళతో దొరకబుచ్చుకుని, ఏడుస్తూనే మలుపంతా పరిగెత్తాను. ఉప్పాడ పిల్లకి ఇచ్చేసరికి మేం వెనకబడ్డవాళ్ళలో ఉన్నాం. ఆ పిల్ల ఇద్దర్ని దాటింది, ఇంకొకర్ని దాటింది, అందరికంటే ముందున్న అమ్మాయిని కూడా అందుకుంది గానీ దాటడానికి నేల అయిపోయింది. రెండో స్థానం.

నేను చేరేసరికి అమలాపురం పిల్ల గడ్డిలో కూలబడి ఉంది. "చెయ్యి దానంతటదే వెళ్ళిపోయిందండి మేడమ్, నేను మార్చలేదండి" అని వెక్కుతోంది. అత్త ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుని, బూట్ల లేసులు విప్పి, పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని పిక్కలు నొక్కుతోంది. ఈలోపు కరస్పాండెంట్ గారు షామియానా దాటి మా దగ్గరికి వచ్చారు. ఆయన మొహంలో కోపం లేదు, నొచ్చుకున్నట్టు ఉన్నారు.

"పోనీలెండమ్మా, రెండోదంటే తక్కువేం కాదు" అన్నారు. "ఈ ఎడమచేతి పద్ధతి గ్రౌండులో కూడా మానేశానని కమిటీలో ఒక్క మాట చెప్పండి. కప్పు సంగతి నేను సర్దిచెప్పుకుంటాను. ఫైలు మీద సంతకం అయిపోతుంది."

చెప్పెయ్యి అత్తా, చెప్పెయ్యి అని లోపల అరుస్తున్నాను. తాతయ్య అడిగే ఆ ఒక్క ముక్కకి ఇవాళ జవాబు దొరుకుతుంది కదా. అత్త లేచి నిలబడి చీరకి అంటుకున్న గడ్డి దులుపుకుంది. ఆవిడ గొంతు చాలా మామూలుగా ఉంది.

"మానేస్తే ఏమవుతుందో ఇప్పుడే చూశారు కదండీ" అంది. "ఆ రోజు మీ గదిలో ఈ పిల్ల చేత దణ్ణాలు పెట్టిస్తుంటే నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నేర్పింది నేనండి. పిల్లది తప్పు కాదు. వచ్చే ఏడు కూడా ఇలాగే నేర్పుతాను."

ఆయన "మీ ఇష్టమండి" అని వెళ్ళిపోయారు. అత్త చామంతుల బుట్ట తెచ్చి నలుగురికీ తలో దండ ఇచ్చింది. ఇంటికి వెళ్ళేసరికి తాతయ్య మెలకువగానే ఉన్నాడు. "అయిందా?" అన్నాడు. "లేదు నాన్నా, ఇంక అవదు" అంది. జరిగిందంతా ఆయన విన్నాడు. "సరే, చేతులు కడుక్కుని అన్నానికి రా" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట అడగలేదు, రెండేళ్ళకి పోయాడు.

ఫైలు మళ్ళీ బల్ల మీదికి రాలేదు. కరస్పాండెంట్ గారు మారారు, తర్వాతి ఆయనా మారారు, అత్తకి మాత్రం ప్రతి జూన్‌లో ఈ ఒక్క ఏడాదికి అనే ఆర్డరు వస్తూనే ఉంది. రిలే కప్పు తర్వాత వచ్చింది, ఒకసారి కాదు, చాలాసార్లు, అప్పటికి మేమెవరం కాలేజీలో లేం. టెంపరరీ వాళ్ళకి రిటైర్మెంటు ఉండదు గనుక శాలువా లేదు, సన్మానం లేదు, పింఛనూ లేదు. ఒక జూన్‌లో ఆర్డరు రాలేదు, అంతే. ఆవిడ విజిలు తీసి మేకుకి తగిలించింది. ఈ మధ్య ఒకసారి, ఆ రోజు ఆ ఒక్క మాట అనేసి ఉంటే బావుండేది కదత్తా అని అడిగాను. "అనేస్తే సంతకం అయిపోయేదే. మర్నాడు గ్రౌండులోకి ఏ మొహంతో వెళ్ళేదాన్ని?" అంది, టీ చల్లారిపోతోంది తాగమంది. ఏడాదికొకసారి, ఈ ఏడాదికే, ఈ ఏడాదికే అని చెప్పి, కాలం ఆవిడ దగ్గర ఒక జీవితం మొత్తం పుచ్చుకుంది.